మూత్రం సంగతి అడుగుతూ హిందూపురం నుంచి ధర్మవరం దాకా

తీర్థయాత్రకు వెళ్ళొచ్చినవాళ్ళు ప్రసాదం పంచుతారు. మేం వెళ్ళిన పనికి ప్రసాదం ఉండదు. చూసినవీ, తిన్నవీ, విన్నవీ చెప్పడం తప్ప పంచడానికి నా దగ్గర ఏమీ లేదు. అందుకని ఇది రాస్తున్నాను.

నేను యూరాలజిస్టుని. రైల్లో పక్కవాళ్ళు ఏం చేస్తుంటారని అడిగితే "కిడ్నీ డాక్టర్ని" అంటాను. అది పూర్తి అబద్ధం కాదు. పూర్తి నిజం చెబితే మగవాళ్ళు కిటికీ వైపు తిరుగుతారు, ఆడవాళ్ళు వాళ్ళాయన సంగతి చెప్పడం మొదలుపెడతారు. భీమవరంలో ఒక ఆసుపత్రిలో చాలా ఏళ్ళుగా రాళ్ళు తీస్తూ, ప్రోస్టేటు ఆపరేషన్లు చేస్తూ గడిపాను. ప్రోస్టేటంటే మగవాళ్ళలో మూత్రం దారి చుట్టూ ఉండే గ్రంథి. వయసుతో పాటు ఉబ్బుతుంది, దారిని నొక్కుతుంది. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఆఖరి నిమిషంలో వచ్చేవాళ్ళే. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడిగితే ఒక్కడూ సరైన జవాబు చెప్పలేదు. ఆ చిరాకుతోనే నలభై దాటాక మళ్ళీ బడిలో చేరాను.

బడి అంటే పరిశోధన నేర్పే రెండేళ్ళ శిక్షణ. ఆపరేషన్లు చేసే డాక్టరునీ, ఊరి మొత్తంలో జబ్బు ఎలా పాకుతుందో లెక్కగట్టే ఎపిడెమియాలజిస్టునీ ఒక జతగా కడతారు. నాకు జతపడింది ఒంగోలు మురళీధర్ గారు. ఆయనా ఎంబీబీఎస్ చదివినవాడే గాని చదువు అయిపోయాక మనిషిని ముట్టుకోలేదు. అంకెలు చూస్తే ఆయన ముఖం వెలుగుతుంది. రోగి ఎదురొస్తే రోడ్డు దాటి అటువైపు పోతారు.

మాకు పాఠం చెప్పే గోపాలాచారి గారు మొదటిరోజే నాతో అన్నారు: "నీ గది ముందు బెంచీ మీద కూర్చున్నవాళ్ళని చూసి ఊరంతా ఇంతేననుకుంటున్నావు. మీ మెట్లెక్కని వాళ్ళ సంగతి నీకేం తెలుసమ్మా?"

నాకేమీ తెలియదు. అందుకని యాభై దాటిన మగవాళ్ళని మూత్రం గురించి అడిగే ప్రశ్నలు తయారుచేసుకుని, అవి పనిచేస్తాయో లేదో చూడడానికి మార్చి నెలలో అనంతపురం వైపు బయలుదేరాం. పనిచేస్తాయని చూపిస్తే ఈ శిక్షణ నడిపే కమిటీ అసలు పరిశోధనకు నిధులిస్తుంది. లేకపోతే రెండేళ్ళ శ్రమ ఒక సర్టిఫికెట్టుగా మిగులుతుంది. మా ఆసుపత్రి యజమాని నాకు సెలవిస్తూ, "మీరు తిరిగొచ్చేసరికి మీ పేషెంట్లు ఇంకొకళ్ళకి అలవాటు పడిపోతారు, చూసుకోండి" అన్నాడు. బెదిరింపుగా అనలేదు, స్నేహంగానే అన్నాడు. అందుకే ఎక్కువ భయమేసింది.

హిందూపురం: శెట్టిగారికి సున్నా

హిందూపురంలో రైలు దిగగానే మొదట తగిలేది బెల్లం వాసన, తరువాత చింతపండు వాసన, ఆ తరువాత ఆటోవాళ్ళు. ఆటోవాళ్ళు ముందు కన్నడంలో పిలిచారు. మేం తెల్లబోతే తెలుగులోకి దిగారు.

స్టేషను దగ్గర హోటల్లో ఉగ్గాని బజ్జీ పెట్టారు. ఉగ్గాని అంటే మరమరాలు తడిపి పోపేసిన ఉప్మా. ఇక్కడ మరమరాలను బొరుగులంటారు. మా భీమవరంలో మరమరాలు పిడతకింద పప్పుకూ, పిల్లల నోరు మూయించడానికీ తప్ప వాడరు. వాటిని టిఫిను చేసి, పక్కన అరచేయంత మిరపకాయ బజ్జీ పెట్టి, ఇద్దరికీ కలిపి నూరు రూపాయల లోపే తీసుకున్నారు. మురళీధర్ గారు బజ్జీ కొరికి చాలాసేపు మాట్లాడలేదు. ఆయన మామూలుగానే మాట్లాడరు కాబట్టి కారం తగిలిందని నాకు ఆలస్యంగా తెలిసింది.

మొదటి మనిషి బజారులో చింతపండు, బెల్లం అమ్మే ఆదినారాయణ శెట్టిగారు. అరవై దాటాయి. గద్దె మీద కూర్చుని, మమ్మల్ని బస్తాల మీద కూర్చోబెట్టారు.

"ప్రశ్నలకు జవాబు చెప్తే దుడ్లేమన్నా ఇస్తారా?" అని అడిగారు. ఆ వైపు డబ్బుల్ని దుడ్లంటారు.

"ఇవ్వమండీ" అన్నాను.

"అయితే అడుగమ్మా. దుడ్లిస్తామంటే భయపడల్ల గానీ."

నేను మొదటి ప్రశ్న చదివాను. దాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేయించి, తప్పులు లేవని ఇద్దరు పండితుల చేత అనిపించుకున్నాం. "గడచిన మాసంలో, మూత్ర విసర్జన అనంతరం మూత్రాశయం సంపూర్ణంగా ఖాళీ కాలేదన్న అనుభూతి మీకు ఎంత తరచుగా కలిగింది?"

శెట్టిగారు చెయ్యి చెవికి ఆనించి విన్నారు. "రేడియోలో వార్తలు సదువుతాండావా తల్లీ? ఇంగొక తూరి చెప్పు."

ఇంకోసారి చదివాను. ఆయన ఆలోచించి, "నాకట్లాటి అనుభూతులు లేవు" అన్నారు. తరువాత ప్రశ్నలన్నిటికీ అదే జవాబు. రాత్రి ఎన్నిసార్లు లేస్తారంటే, "నేనెందుకు లేస్తా? పండుకుంటే తెల్లారేదాకా రాయే" అన్నారు.

కొట్టు వెనకే ఇల్లు. తలుపు వెనక నుంచి ఆయన భార్య జయమ్మగారి గొంతు వినిపించింది. "రాయంట. రేత్రికి నాలుగు తూర్లు లేస్తాడు ఆయప్ప. లేసిన ప్రతి తూరీ లైటేస్తాడు. పోయినాక ఆడే నిలబడుకుంటాడు, బస్సుకు నిలబడుకున్నట్ల. నాకు నిద్ర చెడి ఎన్నేండ్లాయనో."

శెట్టిగారు తక్కెడ వైపు చూస్తూ, "ఆయమ్మను అడగలేదు గదా మీరు" అన్నారు.

అడగలేదు. అడిగిన మనిషి చెప్పిందే రాయాలన్నది నియమం. మురళీధర్ గారు ఇబ్బందేమీ లేదన్నట్టు సున్నా వేశారు. ఆ బజారులో ఇంకా కొంతమందిని అడిగాం. హిందూపురం మగవాళ్ళందరూ రాళ్ళలా నిద్రపోతున్నారని తేలింది.

సాయంత్రం లాడ్జి వరండాలో కూర్చుని ప్రశ్నల్ని జయమ్మగారి భాషలోకి మార్చడం మొదలుపెట్టాను. "ఒంటికి పోయి వచ్చినాక కూడా ఇంకా లోపల మిగిలినట్లుంటాందా?" ఈ వైపు ఒంటికి పోవడమంటే మూత్రానికి వెళ్ళడం. మురళీధర్ గారు విని, "ఇది శాస్త్రీయంగా లేదు" అన్నారు. కాగితం తీసుకుని తనే ఒకసారి చదువుకుని, "కానీ అర్థమవుతోంది" అన్నారు. ఆయన మొహంలో బాధ కనిపించింది.

పెనుకొండ: మింగవలసిన ముద్ద

పెనుకొండకు బస్సులో వెళ్ళాం. కొండ చాలా దూరం నుంచే కనబడుతుంది, ఎంతసేపటికీ దగ్గరికి రాదు. కొండ మీద కోట ఉంది, చూసి తీరాలని పక్క సీటాయన చెప్పాడు. మీరు చూశారా అంటే, "నేనీడే పుట్టినా గదమ్మా, నాకెందుకు" అన్నాడు. మా వైపు గోదావరి గురించి మేమూ ఇలాగే మాట్లాడతాం.

మధ్యాహ్నం ఒక మెస్సులో రాగి సంగటి తిన్నాం. కొబ్బరికాయంత ముద్ద, పక్కన ఊరిబిండి. ఊరిబిండి అంటే వేయించిన శెనక్కాయలు, మిరపకాయలు కలిపి దంచిన పచ్చడి. నేను సంగటి ముద్ద తుంచి నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాను. అది పళ్ళకు అంటుకుని వదల్లేదు. వడ్డించే ఆమె నా అవస్థ చూసి దగ్గరికొచ్చింది.

"నమలాకమ్మా. మింగల్ల."

"నమలకుండా ఎలాగండీ?"

"మేమంతా అట్లే గదా బతికినాము."

మింగాను. దిగింది. నాకు తెలిసిన వైద్యం ప్రకారం అలా దిగకూడదు.

గొంగడి కప్పుకున్న పెద్దాయన

పెనుకొండకు దగ్గర్లో గొర్రెలు మేపేవాళ్ళ పల్లె ఒకటి ఉంది. ఆ ఊరి ఆశా కార్యకర్త మమ్మల్ని ఒక ఇంటికి తీసుకెళ్ళింది. ఇంటి పెద్ద గంగులప్ప అరుగు మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. ఎండ మాడిపోతుంటే నడుము చుట్టూ నల్ల గొంగడి చుట్టుకున్నాడు. పక్కన కోడలు లక్ష్మీదేవి, ఆమె వెనక చూడడానికొచ్చిన ఇరుగుపొరుగు.

కొత్త ప్రశ్నలు చక్కగా పనిచేశాయి. గంగులప్ప ఒక్కదానికి కూడా "ఇంగొక తూరి చెప్పు" అనలేదు.

"ఒంటికి పోయేటప్పుడు ముక్కల్సి వస్తాందా?" అని అడిగాను.

"లేదమ్మా. ముక్కే పనే లేదు."

"ధార సన్నంగా వస్తాందా?"

"ధారేమి? ఊరికే వస్తానే ఉంటాది. పొద్దస్తమానమూ వస్తాది. నాకేమీ ఇబ్బంది లేదు."

మురళీధర్ గారు మళ్ళీ సున్నా వేశారు. నేను మాత్రం తరువాతి ప్రశ్న చదవలేదు. ఎప్పుడూ వస్తూనే ఉండడం బాగుండడం కాదు. నిండిన కుండ మీద నుంచి నీళ్ళు పొర్లినట్టు, మూత్రం సంచీ ఖాళీ కాలేక నిండిపోయి, ఆపైన కారుతోందన్నమాట. అలా నెలల తరబడి ఉంటే ఒత్తిడి వెనక్కి తన్ని మూత్రపిండాలు పాడవుతాయి. గొంగడి ఎందుకో కూడా అప్పుడే అర్థమైంది. దగ్గరికి జరిగితే వాసన తెలిసింది. పాదాలు ఉబ్బి ఉన్నాయి.

"బువ్వ తింటాండావా తాతా?" అని అడిగాను. అది మా కాగితంలో లేని ప్రశ్న.

లక్ష్మీదేవి చెప్పింది. "యాడ తింటాడమ్మా. సంగటి చూస్తేనే వాంతికొస్తాదంటాడు. యాడికీ పోడు. ముదిగుబ్బలో బిడ్డ ఇంట్లో నామకరణానికి కూడా పోలేదు. బస్సెక్కనంటాడు."

నేను పొట్ట చూడాలన్నాను. మురళీధర్ గారు నన్ను పక్కకు పిలిచి, మనం వచ్చింది అడగడానికనీ, చూడడానికి కాదనీ, ఆసుపత్రికి వెళ్ళమని చెప్పి చీటీ ఇవ్వడం వరకే నియమమనీ గుర్తుచేశారు. ఆయన చెప్పింది నిజమే. చీటీ ఇచ్చాను. గంగులప్ప దాన్ని మర్యాదగా తీసుకుని తలగుడ్డలో దోపుకున్నాడు. అది అక్కడే ఉండిపోతుందని మా ముగ్గురికీ తెలుసు.

"ఒక్కసారి పొట్ట చూస్తాను తాతా" అన్నాను.

"వద్దులే తల్లీ. నువ్వు నా బిడ్డంతదానివి."

అది బతిమాలి మార్చగలిగే జవాబు కాదు. నేను మురళీధర్ గారి వైపు చూశాను. ఆయన ఇంకో వైపు తిరిగారు. అక్కడ దాటడానికి రోడ్డు లేదు, గొర్రెల దొడ్డి ఉంది.

జనాన్ని పంపించేశాం. మురళీధర్ గారు, గంగులప్ప లోపల గదిలోకి వెళ్ళారు. నేను బయట గోడకు ఆనుకుని నిలబడి, వెలుపలి నుంచి చెప్పసాగాను.

"బొడ్డు కింద చెయ్యి పెట్టండి. ఏమైనా తగులుతోందా?"

 "గట్టిగా ఉంది."

"ఎంతవరకూ?"

"బొడ్డు దాటింది మేడమ్."

"వేలితో తట్టండి. బోలుగా ఉందా, మొద్దుగా ఉందా?"

టక్ టక్ మని తట్టిన చప్పుడు. "మొద్దుగా." తరువాత తగ్గిన గొంతుతో, "మేడమ్, మనం ఈయనకి సున్నా వేశాం" అన్నారు.

గంగులప్ప రానన్నాడు. పైపు వేస్తారన్నాడు. పైపు వేయించుకోవడానికి పోయినవాడు ఆ ఊరికి ఒక్కడూ తిరిగి రాలేదన్నాడు. కిడ్నీల సంగతి చెప్పాను, తల ఊపాడు. కోడలు కోప్పడింది, తల తిప్పుకున్నాడు. కొడుకు గొర్రెలతో ఎటో దూరం పోయాడు, ఫోను అందలేదు. ఏం చెయ్యాలో తెలియక అందరం కూర్చున్నాం.

అప్పుడు మురళీధర్ గారు, ఎవరూ అడగకుండానే, నేలను చూస్తూ మాట్లాడారు. "పెద్దాయనా, నేనూ డాక్టర్నే. కానీ చదువైపోయాక ఇవాళ నీ పొట్ట మీదే మొదటిసారి చెయ్యి పెట్టాను.  నాకు చాలా భయంగా ఉంది."

గంగులప్ప ఆయన్ని కొత్తగా చూశాడు. "డాక్టరుకే భయమా?"

"అవును. నువ్వు రాకపోతే నాకు నిద్ర పట్టదు."

పెద్దాయన గొంగడి సర్దుకున్నాడు. "అట్లయితే నువ్వు నాతోపాటు రావల్ల. మజ్జలో యాడికీ పోగూడదు."

"పోను" అన్నారు మురళీధర్ గారు.

ముఖం మీద తువ్వాలు

ఆటోలో మురళీధర్ గారి చెయ్యి గంగులప్ప చేతిలో ఉంది. పట్టుకున్నది ఎవరో, ధైర్యం చెబుతున్నది ఎవరో చూసేవాళ్ళకు తెలిసే వీల్లేదు.

పెనుకొండ ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు కుర్రాడే గాని మంచివాడు. సన్న రబ్బరు గొట్టం వేయబోయాడు. దారి మూసుకుపోయి దిగలేదు. రెండోసారి కూడా దిగకపోయేసరికి ఆగి, నా వైపు చూశాడు. ఇలాంటి దారుల్లో గొట్టం దించడమే నా రోజువారీ పని. ఆ గదిలో ఆ పని వచ్చినదాన్ని నేనొక్కదాన్నే, పేషెంటు వద్దన్నదీ నన్నే.

గంగులప్పకు విషయం అర్థమైంది. కాసేపు పైకప్పు చూశాడు. "కానీ తల్లీ" అని, భుజం మీద తువ్వాలు తీసి తన ముఖం మీద కప్పుకున్నాడు.

దిగింది. గొట్టానికి తగిలించిన సంచీ నిండింది. మార్చాం. రెండోదీ నిండుతూ ఉంది. తువ్వాలు కింద నుంచి, "ఇంత యాడ దాసిపెట్టుకొంటినో" అన్న మాట వినిపించింది. కొంచెంసేపటికి తువ్వాలు కళ్ళ దగ్గర తడిసింది.  మురళీధర్ గారి చెయ్యి ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

రక్తపరీక్షలో మూత్రపిండాలు దెబ్బతిన్నట్టు కనబడింది. ఎంతవరకు కోలుకుంటాయో అప్పుడే చెప్పలేం. సాయంత్రానికి కొడుకు దొరికాడు. పెద్దాయన్ని అంబులెన్సులో అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. ఎక్కేముందు గంగులప్ప మురళీధర్ గారిని పిలిచి, "ఇంగ నువ్వు పోవచ్చులేప్పా" అని సెలవిచ్చాడు.

ఆయన కథ ఇక్కడే పూర్తిచేస్తాను. అనంతపురంలో కొన్నాళ్ళు ఉంచి, తరువాత ప్రోస్టేటు ఆపరేషను చేశారు. మూత్రపిండాలు చాలావరకు కోలుకున్నాయి, పూర్తిగా కాదు. మందులు వాడుతూ ఉండాలి. గొంగడి మాత్రం ఎండాకాలం అయ్యేదాకా విప్పలేదట. అలవాటైందన్నాడట.

ధర్మవరం: మగ్గాలు ఆగినప్పుడు

మర్నాడు కొత్తచెరువు మీదుగా ధర్మవరం బస్సెక్కాం. మురళీధర్ గారు దారిపొడవునా ఏదో రాసుకుంటూ, కొట్టేస్తూ ఉన్నారు. కొత్తచెరువు దాటాక తేల్చి చెప్పారు. మగవాళ్ళను తనే అడుగుతారు. మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి అడుగుతారు. ఇబ్బంది ఉందా అని కాకుండా, పంచె తడుస్తోందా అని అడుగుతారు. నేను సరేనన్నాను. బస్సులో ముందు సీటాయన వెనక్కి తిరిగి మమ్మల్ని ఒకసారి చూసి, మళ్ళీ ముందుకు తిరిగాడు.

ధర్మవరంలో పట్టుచీరల దుకాణాల వాళ్ళు రోడ్డు మీదికొచ్చి పిలుస్తారు. చీరలు కొనడానికి రాలేదని చెప్పినా నమ్మరు. ఈ ఊరికి ఆడమనిషి ఇంకెందుకొస్తుందన్నది వాళ్ళ ప్రశ్న. దానికి రోడ్డు మీద చెప్పదగిన జవాబు నా దగ్గర లేదు.

నేతగాళ్ళ వీధిలోకి వెళ్ళాం. ఇంటింటా మగ్గం. కొన్ని గుంటలో కాళ్ళు దించి నేసేవి, ఎక్కువ భాగం కరెంటుతో నడిచే మరమగ్గాలు. వీధి మొదట్లో మాట్లాడింది వీధి చివరికి కాదు, పక్కనున్న మనిషికి కూడా వినబడదు. మురళీధర్ గారికి అది బాగా నచ్చింది. ఇంతకంటే ఏకాంతం ఎక్కడ దొరుకుతుందన్నారు.

ఒక మగ్గం దగ్గర యాభై ఐదేళ్ళ నేతగాణ్ణి కూర్చోబెట్టుకుని, ఆయన చెవి దగ్గర అరుస్తూ అడగడం మొదలుపెట్టారు. నేను గుమ్మం బయట నిలబడ్డాను. మూడు ప్రశ్నలు సాఫీగా జరిగాయి. నాలుగోది అరుస్తుండగా కరెంటు పోయింది. వీధిలోని మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి.

"పంచె తడుస్తాందా?" అన్న మురళీధర్ గారి గొంతు ధర్మవరం అంతా వినిపించింది.

గుమ్మాల్లోంచి తలలు బయటికొచ్చాయి. తరువాత ఎదురింట్లోంచి ఒక ముసలాయన, "ఎవురిని అడుగుతాండావు? నాకయితే తడుస్తాందప్పా" అన్నాడు. పక్కింటి నుంచి ఇంకొకాయన, "నాకు రేత్రిపూటే" అన్నాడు. నవ్వులు మొదలయ్యాయి. నవ్వుతూనే ఇద్దరు, ముగ్గురు అరుగుల మీదికి వచ్చి కూర్చున్నారు. కరెంటు చాలాసేపు రాలేదు. ఆ సమయంలో మాకు దొరికినన్ని నిజాలు హిందూపురం, పెనుకొండ కలిపినా దొరకలేదు. పదిమందిలో అడగకూడదని పెనుకొండలో నేర్చుకుని వచ్చాం. అది ఇక్కడ తప్పని తేలింది. మురళీధర్ గారు దీన్ని ఏ పద్ధతి కింద రాయాలో తెలియక పెన్ను పట్టుకుని కూర్చున్నారు.

వెనక గదిలో

అప్పుడు ఇంకో ఇంటి గుమ్మంలోంచి ఒకామె నన్ను పిలిచింది. పేరు నాగరత్నమ్మ. నలభై ఏడో, ఎనిమిదో ఉంటాయి. ఆ ఇంట్లో గుంట మగ్గం మీద నేసేది ఆమే.

"మొగోళ్ళనే అడుగుతాండారు. మాకుండవా?"

ఈ పరిశోధన యాభై దాటిన మగవాళ్ళ గురించి మాత్రమేనని చెప్పాను. అది చెబుతుంటేనే నాకు ఎబ్బెట్టుగా వినిపించింది.

"అయితే పరిశోధన వద్దులే. ఊరికే రా, కూచ్చో" అంది.

వెనక గదిలో కూర్చున్నాం. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి తలుపు దగ్గరికి వేశారు. బొరుగులు, బెల్లం పెట్టారు. చాలాసేపు పట్టు ధర గురించి మాట్లాడారు. నేను తొందరపెట్టలేదు. అడక్కుండా కూర్చోవడం నాకు కొత్త.

చివరికి నాగరత్నమ్మ చెప్పింది. రెండో కాన్పు నుంచి దగ్గినా, తుమ్మినా, మగ్గం తొక్కినా తడుస్తుంది. కూర్చునే పలక మీద పాత చీర మడిచి వేసుకుంటుంది. పక్కనే నేస్తున్న పట్టు. దాని మీద ఒక్క మచ్చ పడితే చీర వెనక్కొస్తుంది, నెలంతా చేసిన పని పోతుంది. "అందుకని పొద్దున లేసినప్పట్నుంచి నీళ్ళు తాగను. మాపటికి మగ్గం దిగినాకే తాగేది."

"ఈ ఎండల్లోనా?"

"ఎండలప్పుడు తల తిరుగుతాది. మంటగా ఉంటాది. రెండు తూర్లు రాళ్ళు పడె. డాక్టరు నీళ్ళు తాగమనె. ఎందుకు తాగలేదని అడగలేదు."

నేను కూడా వందలమందికి నీళ్ళు తాగమని చెప్పి పంపినదాన్నే.

మిగతా ఇద్దరూ తమ సంగతి చెప్పారు. ఒకామె గుడికి పోవడం మానేసింది. ఇంకొకామె మొగునితో కూడా చెప్పలేదు. నవ్వు వచ్చినా నవ్వకుండా ఉండడం నేర్చుకున్నానంది.

ఇది చాలామందికి మందు లేకుండానే తగ్గే అవకాశం ఉంది. కింది కండరాలను బిగించి వదిలే వ్యాయామం నేర్పాను. మూత్రం మధ్యలో ఆపుకోవాలంటే ఎక్కడ బిగిస్తామో అక్కడ బిగించాలి, కాసేపు పట్టి ఉంచాలి, వదలాలి. పైకి ఎవరికీ తెలియదు. మగ్గం మీద కూర్చుని కూడా చెయ్యొచ్చు. ముగ్గురూ గోడకు ఆనుకుని, గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ, చాలా గంభీరంగా చేశారు. మురళీధర్ గారు తలుపు తట్టి, అంతా బాగానే ఉందా అని అడిగారు. ఉందన్నాం.

తిరుగు రైల్లో ఆయనకు చెప్పాను. చాలాసేపు విని, "మనం సగం ఊరిని లెక్కలోంచి తీసేసి, మొత్తం ఊరని పేరు పెట్టుకున్నాం" అన్నారు. ఆయన నోట్లోంచి లెక్కల మీద ఫిర్యాదు అంతకుముందు వినలేదు.

తిరిగొచ్చాక

కమిటీ ముందు ఉన్నదున్నట్టు చెప్పాం. మా ప్రశ్నలు పనిచేయలేదనీ, కొత్తవి కావాలనీ, ఆడవాళ్ళను కూడా కలపాలనీ చెప్పాం. ఒకాయన, పనిచేయలేదని చెప్పి నిధులడిగేవాళ్ళని మొదటిసారి చూస్తున్నానన్నాడు. ఒకసారి తిప్పి పంపారు. రెండోసారి ఒప్పుకున్నారు, అడిగినదానికి తగ్గించి. భీమవరంలో యజమాని చెప్పింది కూడా నిజమైంది. నా పేషెంట్లలో చాలామంది వేరే డాక్టరుకు అలవాటుపడ్డారు. బాధపడ్డాను. ఆపరేషన్లు వారానికి రెండు రోజులకు తగ్గించుకున్నాను. మిగతా రోజులు ఇప్పుడు ధర్మవరంలో ఉంటున్నాను. సంగటి నమలడం మానేశాను.

ఆడవాళ్ళను అడగడానికి ఆ వీధి ఆడవాళ్ళనే తీసుకున్నాం. నాగరత్నమ్మ ఉదయం మగ్గం, మధ్యాహ్నం ఈ పని చేస్తానంది. వ్యాయామంతో ఆమెకు కొంత నయమైంది, పూర్తిగా పోలేదు. ఇప్పుడు మగ్గం పక్కనే చెంబు పెట్టుకుంటోంది.

పోయిన వారం ఆమెకు ప్రశ్నలు అడగడం నేర్పించాను. ఎవరూ అడ్డు రాని చోట కూర్చోవాలి, ముఖం చూడాలి, తొందరపెట్టకూడదు, జవాబు విని మొహంలో ఏ రంగూ మారకూడదు అని చెప్పాను. మొదట ఎవరో ఒకరి మీద అభ్యాసం చెయ్యాలి కాబట్టి, నన్నే అడగమన్నాను.

ఆమె తలుపు దగ్గరికి వేసి వచ్చి, నా ఎదురుగా చాప మీద కూర్చుంది. పేరు, వయసు, కాన్పులు అడిగింది. నావి రెండు. రాసుకుంది.

"దగ్గితే, తుమ్మితే తడుస్తాందా?"

"లేదు" అన్నాను.

ఆమె రాయలేదు. పెన్ను పక్కన పెట్టింది. ముఖం చూసింది. తొందరపెట్టలేదు. బయట మగ్గాలు నడుస్తున్నాయి.

"నిజ్జం చెప్పమ్మా. ఈడ ఎవురూ లేరు."

"అప్పుడప్పుడు" అన్నాను.

ఆమె మొహంలో ఏ రంగూ మారలేదు. పెన్ను తీసుకుని రాసుకుని, తరువాతి ప్రశ్నకు పోయింది.